ఐదు వేల జనాభా ఊళ్లో డిగ్రీ: మోరిస్ క్యాంపస్‌ను ఒక తెలుగు కుటుంబం తూచిన తీరు

“లెక్కల్లో ఇంత బాగా చదివే పిల్లను ఆర్ట్స్ కాలేజీకి పంపమంటారేమిటండీ?”

2024 సెప్టెంబరులో మినియాపోలిస్ శివారులోని మా ఆఫీసు గదిలో ఒక తండ్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయనది గుంటూరు దగ్గరి పల్లె. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఇంజినీరింగు, ఆ తర్వాత హెచ్-1బీ వీసా మీద ఇక్కడికి. ఆయన చదువుకున్న రోజుల్లో ఎంపీసీలోనూ బైపీసీలోనూ చేరలేకపోయినవాళ్లది ఆర్ట్స్ గ్రూపు. కూతురు తన జాబితాలో ‘యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా, మోరిస్’ అని రాసి పక్కన చుక్క పెట్టుకుంది. ఆ సంస్థ తనను తాను లిబరల్ ఆర్ట్స్ (శాస్త్రాలూ మానవీయ విద్యలూ కలిపి చెప్పే) కళాశాలగా చెప్పుకుంటుందని తెలిసిన రోజునుంచి ఆయనకు నిద్ర లేదు.

పన్నెండేళ్లుగా ఇక్కడి పిల్లలకు కళాశాల ఎంపికలో సలహాలిస్తున్నాను. ఈ కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. కళాశాల వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

అమ్మాయికి గణాంకశాస్త్రం ఇష్టం. నేల, నీరు, వాతావరణం గురించిన లెక్కలతో పని చేయాలని కోరిక, తర్వాత పైచదువు ఆలోచన. తమ్ముడు ఎనిమిదో తరగతి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటితే అప్పు చేయాలి, అప్పు వద్దని ముందే తేల్చుకున్నారు.

తండ్రి ప్రశ్నకు జవాబు తేలికే, కానీ తొందరపడి చెప్పకూడదు. మధ్యయుగపు యూరప్‌లో ‘లిబరల్ ఆర్ట్స్’ అని, అంటే స్వతంత్రుడైన మనిషి నేర్వదగ్గవని, లెక్కపెట్టిన ఏడు విద్యల్లో అంకగణితం, రేఖాగణితం, ఖగోళం మూడూ ఉన్నాయి. ఆ ‘ఆర్ట్స్’ అనే మాటకు విద్య అనే అర్థం. మోరిస్‌లో గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్సు, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం అన్నీ డిగ్రీ స్థాయిలో ఉన్నాయి. ఇంజినీరింగు డిగ్రీ లేదు. ఇంజినీరింగే కావాలంటే ఈ చర్చ అక్కడితో ఆగిపోయేది. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే దీన్ని ఎలా కొలవాలో చెప్పండి,” అన్నారు. ఇంజినీరు కదా, సరైన ప్రశ్నే అడిగారు.

ఆ నేల కథ

ఏ కళాశాలనైనా అది ఎందుకు పుట్టిందో తెలియకుండా కొలవకూడదని నా నమ్మకం. మోరిస్ విషయంలో అది మరీ నిజం.

పశ్చిమ మిన్నెసోటాలో, స్టీవెన్స్ కౌంటీలో, ఐదు వేలకు కాస్త పైన జనాభా ఉన్న ఊరు మోరిస్. అక్కడ 1887లో క్రైస్తవ సన్యాసినులు అమెరికా ఆదివాసీ (నేటివ్ అమెరికన్) పిల్లల కోసం వసతి పాఠశాల పెట్టారు. తర్వాత దాన్ని కేంద్ర ప్రభుత్వం నడిపింది. పిల్లలను సొంత భాష నుంచీ ఇంటి నుంచీ విడదీసిన వ్యవస్థలో అదీ ఒక భాగం. 1909లో పాఠశాల మూతపడి ఆ స్థలం రాష్ట్రానికి చేరినప్పుడు ఒక షరతు పెట్టారు: ఇక్కడ ఏ విద్యాసంస్థ నడిచినా ఆదివాసీ విద్యార్థులను ఫీజు లేకుండా చేర్చుకోవాలి. 1910లో వ్యవసాయ పాఠశాల వచ్చింది, 1960లో విశ్వవిద్యాలయపు డిగ్రీ కళాశాల మొదలైంది. ఆ షరతు నేటికీ అమల్లో ఉంది. దేశంలో ఇలాంటి చరిత్ర, ఇలాంటి హామీ ఉన్న మరో ప్రభుత్వ లిబరల్ ఆర్ట్స్ కళాశాల కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్. మోరిస్ విద్యార్థుల్లో దాదాపు మూడో వంతు ఆదివాసీ నేపథ్యం ఉన్నవారే.

ఇదంతా ప్రవేశాల సలహాలో ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. పిల్ల నాలుగేళ్లు ఎవరి పక్కన కూర్చుని చదువుతుందో, ఏ చరిత్ర మీద నడుస్తుందో ఫీజు పట్టికలో కనబడదు. మన పిల్లల్లో చాలామంది తమలాంటి కుటుంబాలే నిండిన శివారు బడుల్లో పెరుగుతారు. ఈ అమ్మాయికి ఈ కథ చెప్పినప్పుడు తను చాలాసేపు మాట్లాడలేదు. “మా స్కూల్లో ఇది ఎవరూ చెప్పలేదు ఆంటీ,” అంది చివరికి.

ఇంకో సంగతి: మోరిస్ విడిగా బతికే సంస్థ కాదు. ట్విన్ సిటీస్ (మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లోని పెద్ద క్యాంపస్), డులుత్, క్రూక్‌స్టన్, రోచెస్టర్‌లతో కలిపి మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి ఉన్న ఐదు క్యాంపస్‌లలో ఒకటి. డిగ్రీ మీద విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. తండ్రికి ఈ ఒక్క మాటతో సగం భారం దిగింది. నాకు మాత్రం దిగలేదు, ఎందుకంటే డిగ్రీ మీది పేరు మూడో ఏడాది తరగతి గదిలో పాఠం చెప్పదు.

పట్టిక

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడికి వేరే రాష్ట్రంలోని ఒక చిన్న ప్రభుత్వ కళాశాల బాగుంటుందని నేనే చెప్పాను. తరగతులు చిన్నవి, ఆచార్యులు ఆదరంగా ఉన్నారు, ఫీజు తక్కువ. రెండేళ్లు హాయిగా గడిచాయి. మూడో ఏడాది అతని విభాగంలో ఇద్దరు ఆచార్యులు పదవీ విరమణ చేశారు, వాళ్ల చోట్లు నింపలేదు. పైస్థాయి కోర్సులు సూచీలో (కేటలాగులో) ఉన్నాయి, తరగతి గదిలో లేవు. అతను బదిలీ అయ్యాడు, కొన్ని క్రెడిట్లు పోయాయి, ఒక సెమిస్టరు ఎక్కువ పట్టింది. ఆ కళాశాల ఏదీ దాచలేదు. నేనే అడగవలసింది అడగలేదు. ఆ తర్వాత ఏ చిన్న కళాశాలనైనా ఒక పట్టిక వేయకుండా సిఫారసు చేయడం మానేశాను.

పట్టిక ఇలా ఉంటుంది. విద్యార్థి కోరుకునే మేజర్‌కు (డిగ్రీలో ప్రధాన విషయానికి) తప్పనిసరైన కోర్సులను, పైస్థాయి ఐచ్ఛిక కోర్సులను నిలువుగా రాయాలి. గడిచిన ఆరు సెమిస్టర్లను అడ్డంగా రాయాలి. ప్రతి గడిలో మూడు సంగతులు నింపాలి: ఆ సెమిస్టరులో ఆ కోర్సు నిజంగా నడిచిందా, ఎవరు చెప్పారు, ఎంతమంది కూర్చున్నారు. కోర్సు సూచీ ఏమి ఇస్తామో చెబుతుంది. తరగతుల టైంటేబులు ఏమి ఇచ్చారో చెబుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే ఆ విభాగపు అసలు ఆరోగ్యం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పాత టైంటేబుళ్లు చాలావరకు ఎవరైనా చూడవచ్చు. విసుగు పుట్టించే పని, నాలుగైదు గంటలు పడుతుంది. అమ్మాయి చేతే చేయించాను. తండ్రి పక్కన కూర్చుని స్ప్రెడ్‌షీటుకు రంగులు వేశారు.

మోరిస్ సూచీలో కొన్ని పైస్థాయి కోర్సుల పక్కన ‘సరి సంవత్సరం వసంతం’, ‘బేసి సంవత్సరం శరత్తు’ అన్న గుర్తులుంటాయి (శరత్తు అంటే చదువు ఏడాదిలో మొదటి సెమిస్టరు, వసంతం అంటే రెండోది). ఏడాది విడిచి ఏడాది నడిచే కోర్సులన్న మాట. ఇది లోపమని అనను. ముగ్గురు నలుగురు ఆచార్యులున్న విభాగం ప్రతి కోర్సునూ ఏటా చెప్పాలంటే గది సగం ఖాళీగా ఉంటుంది. అలా కాకుండా మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలను కలిపి కూర్చోబెడతారు. ఆ ముందుచూపును సూచీలోనే రాసిపెట్టడం నిజాయితీ అనుకుంటాను. కానీ దాని పర్యవసానం విద్యార్థికి ముందే తెలియాలి. కోర్సు ఒకసారి తప్పిపోతే రెండేళ్లు ఆగాలి. నాలుగేళ్ల చదువులో రెండేళ్లు ఆగడమంటే చాలాసార్లు ఆ కోర్సు వదులుకోవడమే.

కాబట్టి రెండో పట్టిక వేశాం. ఇది గడిచినదాని గురించి కాదు, రాబోయే ఎనిమిది సెమిస్టర్ల గురించి. 2025 శరత్తులో చేరితే సరి సంవత్సరపు వసంతాలు రెండు దొరుకుతాయి: 2026, 2028. మొదటిది తను ఇంకా పునాది కోర్సుల్లో ఉండే కాలం. అంటే 2028 వసంతమే మిగిలింది, అది తన ఆరో సెమిస్టరు. విదేశంలో ఒక సెమిస్టరు చదవాలని అమ్మాయి అనుకున్నదీ సరిగ్గా ఆ సెమిస్టరే. ఆ ఒక్క గడి మీద మేము ముగ్గురం ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను.

ట్విన్ సిటీస్ క్యాంపస్‌కూ ఇదే పట్టిక వేశాం. అక్కడ డిగ్రీ విద్యార్థులే 30,000కు పైగా ఉంటారు. గళ్లన్నీ నిండాయి, చాలా కోర్సులు ప్రతి సెమిస్టరూ నడిచాయి, ఐచ్ఛికాల్లో ఎంపిక ఎంతో ఎక్కువ. పరిశోధన స్థాయి గణాంక విభాగం అది. అయితే ‘ఎంతమంది కూర్చున్నారు’ అన్న గడిలో మొదటి రెండేళ్ల అంకెలు వేరే లోకం. ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక ఆచార్యుడికి ఇంతమంది విద్యార్థులు అని కరపత్రంలో కనిపించే నిష్పత్తిని నమ్మకండి. అది తరగతి పరిమాణం కాదు. కళాశాలలు ఏటా నింపే ‘కామన్ డేటా సెట్’ అనే పత్రంలో ‘ఐ’ విభాగం తెరవండి. పదిమంది లోపు ఉన్న తరగతులెన్ని, ఇరవై లోపువి ఎన్ని, నూరు దాటినవి ఎన్ని అని విడివిడిగా ఉంటుంది. అదే పత్రంలో ‘జె’ విభాగం చూస్తే ఏ శాస్త్రంలో ఎంత శాతం మందికి డిగ్రీలు ఇచ్చారో తెలుస్తుంది. మీ పిల్ల చదవాలనుకునే విభాగం ఏటా ఎంతమందిని బయటికి పంపుతోందో కేంద్ర విద్యాశాఖ నడిపే ‘కాలేజ్ నావిగేటర్’లో సంఖ్యల్లోనే ఉంటుంది. వరుసగా మూడేళ్లు ఆ సంఖ్య రెండు, మూడు దగ్గర ఆగితే ఎత్తివేయాలనుకునేవారి కన్ను ఆ విభాగం మీద పడవచ్చు.

చేరినవారిలో ఎంత శాతం మంది డిగ్రీ పూర్తి చేస్తారన్న అంకె గురించి తండ్రి గట్టిగా పట్టుబట్టారు. మోరిస్ లాంటి చోట దాన్ని నిదానంగా చదవాలని చెప్పాను. చేరిన ఏడాది బృందం రెండు మూడు వందల మందే అయినప్పుడు పాతికమంది అటూ ఇటూ అయితే శాతం దాదాపు పది మారిపోతుంది. వేరే కళాశాలకు మారి అక్కడ డిగ్రీ పూర్తి చేసినవారు కూడా ఈ లెక్కలో పూర్తి చేయనివారే. ఒక్క ఏడాది అంకె చూడవద్దు, ఐదేళ్లవి వరుసగా చూడండి. మొదటి ఏడాది తర్వాత రెండో ఏడాదికి ఎంతమంది తిరిగి వచ్చారన్న అంకెకు నేను ఇంకా ఎక్కువ విలువ ఇస్తాను. పిల్లలు కాళ్లతో చెప్పే అభిప్రాయం అది.

‘ప్రభుత్వ’ అన్న మాట బరువు

మన కుటుంబాల్లో ప్రభుత్వ కళాశాల అంటే మూతపడనిది అని ఒక ధీమా. దాన్ని కొంచెం కదిలించక తప్పలేదు.

మోరిస్‌లో విద్యార్థుల సంఖ్య దశాబ్దం కిందట 1,900 దరిదాపుల్లో ఉండేది. మేము చూసేనాటికి 1,000 దగ్గరకు వచ్చింది. దాదాపు సగం. చిన్న ఊళ్లలో పిల్లలు తగ్గడం, పెద్ద క్యాంపస్‌ల ఆకర్షణ, కోవిడ్ దెబ్బ, కారణాలు ఏవైనా భవనాల ఖర్చు మాత్రం సగం కాదు. పెద్ద విశ్వవిద్యాలయంలో భాగం కావడం దానికి రక్షణ. అదే సంకెల కూడా, ఎందుకంటే నిర్ణయాలు మోరిస్‌లో జరగవు. రాష్ట్ర శాసనసభ ఎన్నుకునే పన్నెండుమంది రీజెంట్ల బోర్డు (విశ్వవిద్యాలయ పాలకమండలి) ఐదు క్యాంపస్‌లకూ బడ్జెట్ ఖరారు చేస్తుంది.

ఇతర రాష్ట్రాల్లో ఏమి జరుగుతోందో చెప్పాను. ఇలాంటి ప్రభుత్వ లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు ముప్పై వరకు కలిసి 1987లో ఏర్పాటైన ఒక కూటమిలో ఉన్నాయి. మోరిస్ అందులో సభ్యురాలు. ఆ కూటమిలోదే అయిన నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ విశ్వవిద్యాలయం 2024 వేసవిలో తత్త్వశాస్త్రం, నాటకం సహా నాలుగు విభాగాలను ఎత్తివేయడానికి ఆమోదం పొందింది. ఫ్లోరిడాలోని న్యూ కాలేజీలో 2023లో గవర్నరు కొత్త ట్రస్టీలను నియమించాక సంస్థ దారే మారింది. రాష్ట్రానిది అంటే రాజకీయానిది కూడా. చేరేవారు ఇది తెలిసి చేరాలి.

అయితే ప్రభుత్వ సంస్థలో ఒక గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని మనవాళ్లు వాడుకోరు. కాగితాలు బహిరంగం. రీజెంట్ల సమావేశాల అజెండాలు, బడ్జెట్ పత్రాలు, క్యాంపస్‌ల చేరికల నివేదికలు ఎవరైనా చదవవచ్చు. తండ్రి ఒక శనివారం కూర్చుని బడ్జెట్ పత్రాల్లో మోరిస్ పేరు ఉన్న ప్రతి పుట చదివారు. ఆయన నాకు పంపిన ప్రశ్నలు చాలామంది సలహాదారులు అడిగే ప్రశ్నలకన్నా పదునుగా ఉన్నాయి. అందులో ఒకటి: “మా అమ్మాయి విభాగంలో ఈ మధ్య ఖాళీ అయిన పోస్టులు ఎన్ని, వాటిని శాశ్వత నియామకాలతో నింపారా, ఏడాది ఒప్పందాలతోనా?” ఈ ప్రశ్నను ఇప్పుడు ప్రతి కుటుంబానికీ ఇస్తున్నాను.

డబ్బు

ఇది త్వరగా తేలింది. కేంద్ర సహాయం అందుకునే ప్రతి కళాశాలా నికర ఖర్చు లెక్కగట్టే సాధనాన్ని తన వెబ్‌సైటులో పెట్టాలని 2011 నుంచి నియమం ఉంది. నాలుగు కళాశాలలవి నింపాం. కుటుంబ ఆదాయం ఏడాదికి 80,000 డాలర్ల లోపు ఉంటే మిన్నెసోటా ప్రభుత్వ కళాశాలల్లో ట్యూషన్ లేకుండా చేసే ‘నార్త్ స్టార్ ప్రామిస్’ 2024 శరత్తులో మొదలైంది. వీళ్లు ఆ గీతకు పైన ఉన్నారు. ఒక ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కళాశాల పెద్ద స్కాలర్‌షిప్ ప్రకటించింది, తండ్రి ముఖం వెలిగింది. ఆ మొత్తం తీసేశాక కూడా అది అన్నిటికంటే ఖరీదైనదిగా మిగిలింది. స్కాలర్‌షిప్ ఎంత అన్నది కాదు, చివరికి చెక్కు మీద రాసే అంకె ఎంత అన్నదే చూడమన్నాను. మోరిస్ ఇరవై వేల లోపు వచ్చింది. ట్విన్ సిటీస్ ఇంట్లోంచి వెళ్లి వస్తే అటూ ఇటూగా సరిపోతుంది, హాస్టల్ అయితే దాటుతుంది.

చూడడానికి వెళ్లిన రోజు

అక్టోబరు చివరలో కుటుంబం బయలుదేరింది, వాళ్లతో నేనూ వెళ్లాను. ఐ-94 మీద సాక్ సెంటర్ దాకా, అక్కడినుంచి 28వ నంబరు రహదారి. మూడు గంటలు పట్టింది. కోత అయిపోయిన మొక్కజొన్న చేలు, ధాన్యం గాదెలు, ఆకాశం. దూరం నుంచి ముందు కనిపించేవి రెండు గాలిమరలు. ఒక్కొక్కటి 1.65 మెగావాట్లు, మొదటిది 2005లో, రెండోది 2011లో నిలబెట్టారు. ఆ ఊళ్లోనే కేంద్ర వ్యవసాయ శాఖవారి నేల పరిశోధనశాల, విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నాయి. నేల గురించిన లెక్కలు చేయాలనుకునే పిల్లకు ఈ ఇరుగుపొరుగు ఎంత విలువైనదో ఏ ర్యాంకు పట్టికా చెప్పదు. డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు విశ్వవిద్యాలయం అన్ని క్యాంపస్‌లలోనూ డబ్బు ఇస్తుంది. చిన్న క్యాంపస్‌లో ఆ అవకాశానికి పీహెచ్‌డీ విద్యార్థులతో పోటీ ఉండదు, ఎందుకంటే అక్కడ వాళ్లు లేరు.

క్యాంపస్ తిప్పి చూపించే కార్యక్రమం అయ్యాక నేను ప్రతి విద్యార్థికీ చెప్పే పని ఒకటే: తిప్పి చూపించిన గైడును వదిలేసి, మూడో ఏడాది చదివే ఎవరినైనా ఆపి, “నువ్వు తీసుకోవాలనుకుని తీసుకోలేకపోయిన కోర్సు ఏది?” అని అడగాలి. ఎలా ఉంది ఇక్కడ అని అడిగితే అందరూ బాగుందనే చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు వివరంగా వస్తుంది. అమ్మాయి గ్రంథాలయం దగ్గర ముగ్గురిని అడిగింది. ఇద్దరు చెప్పిన ఇబ్బంది మా పట్టికలో ఉన్నదే, ఏడాది విడిచి ఏడాది నడిచే కోర్సు. మూడో విద్యార్థిని ఆచార్యుడితో మాట్లాడి ఆ కోర్సును విడిగా చదువుకునే ఏర్పాటు చేసుకున్నానంది. చిన్న చోట్ల నియమం గట్టిగా ఉన్నా మనిషి దొరుకుతాడు. అయితే ఆ మనిషి ఉండాలన్న షరతు మీదే అది నిలుస్తుంది.

తల్లి అప్పటిదాకా ఎక్కువ మాట్లాడలేదు. భోజనశాలలో శాకాహారం ఏముందో చూసి, కారెక్కాక అడిగింది: “చలికాలంలో రోడ్డు మూసేస్తే పిల్లకు ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే మనం ఎలా వెళ్తామండీ?” నిజమైన ప్రశ్న. జనవరిలో అక్కడ సున్నాకు 20 డిగ్రీల దిగువకు చలి పడిపోతుంది. మైదాన ప్రాంతంలో మంచుతుపాను వస్తే రహదారి కనిపించదు. ప్రయాణికుల రైలు లేదు. అప్పటికప్పుడు చేరుకునే మార్గం లేదనే చెప్పాను. ఊళ్లో ఆసుపత్రి ఉంది, క్యాంపస్‌లో ఆరోగ్య సేవలున్నాయి, ఫోను ఉంది. అంతకుమించి ధైర్యం చెప్పడం నా పని కాదనిపించింది. ఆమె తీర్మానం ఆమెదే: నవంబరు నుంచి మార్చి వరకు నెలకు ఒక్కసారే రావాలి, వాతావరణం చూసుకుని.

నిర్ణయం

రెండు క్యాంపస్‌లలోనూ సీటు వచ్చింది. మే 1 గడువు. ఏప్రిల్ రెండో వారంలో నన్ను సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెప్పాను. గణాంకశాస్త్రంలో నేరుగా పీహెచ్‌డీ లక్ష్యం అయితే ట్విన్ సిటీస్‌లో దొరికే లోతు ఎక్కువ, అది కాదనలేం. నేల, నీరు, లెక్కలు కలిసిన దారి అయితే, మొదటి ఏడాదే ఆచార్యుల గదిలోకి వెళ్లి అడగగల స్వభావం ఉంటే, మోరిస్ మేలు. ఈ అమ్మాయి పెద్ద తరగతిలో చేయెత్తదు, పదిహేనుమందిలో ఎత్తుతుంది. ఇది నేను ఆమె పదకొండో తరగతి నుంచి చూస్తున్న సంగతి. నా మొగ్గు మోరిస్ వైపే అని చెప్పాను. దానితో పాటు ఒక రక్షణ కూడా: మొదటి రెండేళ్లలో తీసుకునే ప్రతి కోర్సూ ట్విన్ సిటీస్ మేజర్‌లో ఏ కోర్సుకు సరిపోతుందో ముందే రాసిపెట్టుకోవాలి. ఒకే విశ్వవిద్యాలయం కాబట్టి బదిలీ దానంతటదే అయిపోతుందని అనుకోకూడదు. దానికి వేరే దరఖాస్తు, వేరే నియమాలు.

తండ్రి ఆఖరు వారం దాకా ఊగిసలాడారు. ఏప్రిల్ 28న ఫోను చేసి, “పట్టిక మళ్లీ చూశానండీ. ఖాళీ గళ్లు ఉన్నాయి. కానీ ఎక్కడ ఉన్నాయో మనకు తెలుసు,” అన్నారు. మోరిస్‌కు డిపాజిట్ కట్టారు.

ఇప్పుడు అమ్మాయి రెండో సెమిస్టరులో ఉంది. శరత్తులో తీసుకున్న గణాంక కోర్సులో పద్దెనిమిదిమంది ఉన్నారట. నేల పరిశోధనశాలలో వేసవి పనికి దరఖాస్తు పెట్టింది, జవాబు రావాలి. పట్టికను ప్రతి సెమిస్టరూ తనే సరిచేసి నాకు పంపుతోంది. 2028 వసంతం గడిలో మాత్రం రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి: ఒకటి ఆ కోర్సు, రెండోది విదేశీ సెమిస్టరు. విదేశానికి ఒక సెమిస్టరు ముందే, 2027 శరత్తులో వెళ్లడం కుదురుతుందేమో సలహాదారును అడిగింది. అలా వెళ్తే ఆ శరత్తులో నడవవలసిన మరో బేసి సంవత్సరపు కోర్సు తప్పుతుంది. రెండింటిలో ఏది వదలాలో ఇంకా తేల్చుకోలేదు.